హెడ్‌లెస్ గృహ సర్వరు

తెర, కీబోర్డు, మౌసు లేకుండా ఇంట్లో ఒక మూల నిరంతరం పనిచేస్తూ, ఆ ఇంటిలోని ఇతర కంప్యూటర్లకు, ఫోన్లకు సేవలందించే కంప్యూటరును హెడ్‌లెస్ గృహ సర్వరు అంటారు. హెడ్‌లెస్ అనగా తల లేనిది అని అర్థం. ఇక్కడ తల అంటే తెర. తెలుగులో దీనిని తెరలేని సర్వరు అని కూడా చెప్పవచ్చు. దీనికి కావలసిన ఆదేశాలన్నీ నెట్‌వర్కు ద్వారా వేరొక కంప్యూటరు నుండి ఇస్తారు. సర్వరుకు కొత్త యంత్రం అవసరం లేదు. రోజువారీ పనికి నెమ్మదించిందని పక్కన పెట్టిన పాత డెస్క్‌టాప్ గాని, తెర పగిలిన ల్యాప్‌టాప్ గాని ఈ పనికి సరిపోతుంది. ఈ వ్యాసంలో పాత కంప్యూటరును సర్వరుగా మార్చే పద్ధతిని, నూజివీడు మామిడి ప్రాంతపు గృహ పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని వివరించడం జరిగింది.

చరిత్ర

వ్యక్తిగత కంప్యూటరును సర్వరుగా వాడడం ప్రపంచవ్యాప్త వెబ్ పుట్టుక నాటికే ఉంది. 1990లో టిమ్ బెర్నర్స్ లీ సెర్న్ పరిశోధన కేంద్రంలో తన బల్ల మీది నెక్స్ట్ కంప్యూటరునే మొదటి వెబ్ సర్వరుగా నడిపాడు. ఇది సర్వరు, దీనిని ఆపవద్దు అనే అర్థం వచ్చే హెచ్చరికను ఎర్ర సిరాతో రాసి ఆ యంత్రానికి అంటించాడు. ఇళ్ళలో నడిపే సర్వర్లకు ఈనాటికీ అటువంటి చీటీ అవసరమే.

1992లో ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన సాంబా వలన యూనిక్స్ కుటుంబానికి చెందిన యంత్రాలలోని ఫైళ్ళను విండోస్ కంప్యూటర్లు తమ ఫోల్డర్లవలె వాడుకోవడం సాధ్యమైంది. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రాజెక్టును ప్రకటించాడు. 1995లో ఫిన్లాండుకు చెందిన టటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత అనుసంధాన పద్ధతిని రూపొందించాడు. అంతకు ముందు వాడుకలో ఉన్న టెల్‌నెట్‌లో సంకేతపదం నెట్‌వర్కులో బహిరంగంగా ప్రయాణించేది. ఎస్‌ఎస్‌హెచ్‌లో అది గుప్తీకరించబడుతుంది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం దీని స్వేచ్ఛా రూపమైన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను విడుదల చేసింది. నేటి తెరలేని సర్వర్లలో అత్యధికం దీని మీదనే ఆధారపడి ఉన్నాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు తగిన హంగులు లేక మూలన పడుతున్న కంప్యూటర్లలో చాలావాటికి సర్వరు పనికి కావలసిన శక్తి కన్నా ఎక్కువే ఉంటుంది.

నూజివీడు ప్రాంతంలో అవసరం

నూజివీడు, దాని పరిసరాలలోని ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాలు మామిడి తోటలకు ప్రసిద్ధి చెందినవి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు అని పిలిచే తోతాపురి ఇక్కడి ముఖ్యమైన రకాలు. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తక్కువ కాయడం మామిడి స్వభావం. అందువలన ఒక్క సంవత్సరపు లెక్క చూసి తోట బాగోగులు చెప్పలేరు. పూత ఎప్పుడు వచ్చింది, తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు ఏ మందు ఏ తేదీన కొట్టారు, కాపును ఎంతకు గుత్తకు ఇచ్చారు, కోత ఎన్ని టన్నులు వచ్చింది అనే వివరాలు పది పదిహేనేళ్ళవి ఒకచోట ఉన్నప్పుడే వాటివలన ప్రయోజనం. ఈ వివరాలు నేడు ఎక్కువగా ఫోన్లలోని ఫోటోలుగా, సందేశాలుగా ఉంటున్నాయి. చెట్టు దశాబ్దాల తరబడి కాస్తుంది. ఫోను మూడు నాలుగేళ్ళకు మారుతుంది.

భూమి పత్రాల విషయమూ ఇటువంటిదే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నూజివీడు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. ఒకే చెక్కకు పాత పత్రాలలో ఒక సంఖ్య, కొత్త పత్రాలలో మరొక సంఖ్య ఉన్నప్పుడు, రెండింటి నకళ్ళు పక్కపక్కన భద్రపరచుకోవడం అవసరమవుతుంది. అయితే స్కాన్ చేసిన ప్రతి అసలు పత్రానికి ప్రత్యామ్నాయం కాదు. వెతుక్కోవడానికి, నకలు తీసుకోవడానికి మాత్రమే అది ఉపకరిస్తుంది.

బయటి అంతర్జాలంతో పని లేకుండా దగ్గరలోని సర్వరు నుండే సమాచారం అందించడానికి నూజివీడులోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్‌కు ఇక్కడ ఒక ప్రాంగణం ఉంది. ప్రజలు దీనిని ట్రిపుల్ ఐటీ అని పిలుస్తారు. పదవ తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, వారికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, పాఠాలను ప్రాంగణపు అంతర్గత నెట్‌వర్కు ద్వారా అందించే పద్ధతితో ఇది మొదలైంది. గృహ సర్వరు ఇదే సూత్రానికి చిన్న రూపం.

కంప్యూటరు ఎంపిక

ఫైళ్ళు దాచడానికి, ఫోటోల ప్రతులు తీసుకోవడానికి 2 జీబీ ర్యామ్ చాలు. 1 జీబీతో కూడా పని సాగుతుంది. ఫోటోలలోని ముఖాలను గుర్తించే ఇమ్మిచ్ వంటి సాఫ్ట్‌వేరుకు మాత్రం ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి.

ముందుగా చూడవలసినది ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా అనే విషయం. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో మొదలుకొని డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ భాగం 64 బిట్లవే. 2008 ప్రాంతపు చిన్న నెట్‌బుక్‌లలో ఉండే ఏటమ్ ఎన్270 వంటివి 32 బిట్లవి. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలరు లేదు. అటువంటి యంత్రానికి డెబియన్ 12 వాడుకోవచ్చు గాని, దాని మద్దతు ముగిసిన తరువాత ఆ యంత్రాన్ని నెట్‌వర్కు నుండి తప్పించడం మంచిది.

పాత కంప్యూటరులో మొదట చెడిపోయేది హార్డ్‌డిస్కు. దాని స్మార్ట్ నివేదికలో మార్చిన సెక్టార్ల సంఖ్య, చదవలేకపోయిన సెక్టార్ల సంఖ్య సున్నా కన్నా ఎక్కువై పెరుగుతూ ఉంటే ఆ డిస్కును వాడకూడదు. యంత్రం పాతదైనా డిస్కు కొత్తది కొనడం ఉత్తమం. మదర్‌బోర్డు మీది సీఆర్2032 నాణెపు బ్యాటరీ కూడా మార్చాలి. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి వెళుతుంది, బయాస్ అమరికలు చెరిగిపోతాయి. తెరలేని యంత్రంలో ఈ లోపం వెంటనే కంటికి కనబడదు.

విద్యుత్ వినియోగం

పాత కంప్యూటరు ఉచితంగా వచ్చినా దాని కరెంటు ఉచితం కాదు. రోజంతా 60 వాట్లు తీసుకొనే డెస్క్‌టాప్ రోజుకు 1.44 యూనిట్లు, 30 రోజులకు 43.2 యూనిట్లు వాడుతుంది. 15 వాట్లు తీసుకొనే ల్యాప్‌టాప్ 30 రోజులకు 10.8 యూనిట్లు వాడుతుంది. యూనిటు 6 రూపాయలు అనుకుంటే నెలకు మొదటిదానికి సుమారు 259 రూపాయలు, రెండవదానికి సుమారు 65 రూపాయలు ఖర్చవుతుంది. సంవత్సరానికి తేడా 2,300 రూపాయలు దాటుతుంది. గృహ విద్యుత్తుకు శ్లాబుల పద్ధతి ఉన్నందున సర్వరు వాడే యూనిట్లు ఇంటి వాడకానికి పైన చేరి, హెచ్చు ధర శ్లాబులో పడే అవకాశం ఉంది. అందువలన రెండూ అందుబాటులో ఉంటే ల్యాప్‌టాప్‌నే ఎన్నుకోవాలి. డెస్క్‌టాప్ అయితే విడిగా అమర్చిన గ్రాఫిక్స్ కార్డును, సీడీ డ్రైవును తీసివేస్తే వాడకం కొంత తగ్గుతుంది.

స్థాపన విధానం

తెరలేని సర్వరుకైనా మొదటి రోజు తెర, కీబోర్డు అవసరం. పని ఈ క్రింది వరుసలో సాగుతుంది.

1. పాత డిస్కులోని ఫోటోలు, పత్రాలు ముందుగా వేరొకచోట నకలు తీసుకోవాలి. స్థాపనలో డిస్కు మొత్తం చెరిగిపోతుంది.
2. డెబియన్ ఇన్‌స్టాలరును వేరొక కంప్యూటరులో పెన్‌డ్రైవుకు ఎక్కించి, దానితో పాత కంప్యూటరును ప్రారంభించాలి. దీని గ్రాఫికల్ ఇన్‌స్టాలరులో తెలుగును కూడా ఎన్నుకోవచ్చు.
3. సాఫ్ట్‌వేరు ఎంపిక పట్టికలో డెస్క్‌టాప్ పరిసరాన్ని వదిలివేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వరును, ప్రామాణిక సిస్టమ్ ఉపకరణాలను మాత్రమే ఎంచుకోవాలి. తెర లేని యంత్రానికి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు భారం మాత్రమే.
4. సర్వరును ఈథర్నెట్ తీగతో రౌటరుకు కలపాలి. వైఫై తెగిపోతే తెరలేని యంత్రాన్ని అందుకునే మార్గం ఉండదు.
5. రౌటరు అమరికలలో సర్వరుకు ఎల్లప్పుడూ ఒకే చిరునామా, ఉదాహరణకు 192.168.1.10, దక్కేటట్లు కేటాయించాలి. ఇలా చెయ్యకపోతే రౌటరు ఆగి మొదలైన తరువాత చిరునామా మారిపోయి, సర్వరు పనిచేస్తున్నా కనబడదు.
6. వేరొక కంప్యూటరు నుండి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయి చూడాలి.
7. బయాస్‌లో రెండు అమరికలు మార్చాలి. కీబోర్డు లేదన్న కారణంతో యంత్రం ఆగిపోకుండా చూసేది ఒకటి. కరెంటు తిరిగి రాగానే దానంతట అదే మొదలయ్యేటట్లు చేసేది రెండవది. ల్యాప్‌టాప్‌లలో రెండవ అమరిక సాధారణంగా ఉండదు. వాటికి సొంత బ్యాటరీయే ఆధారం.
8. ల్యాప్‌టాప్ అయితే మూత మూసినా నిద్రావస్థకు వెళ్ళకుండా సిస్టమ్‌డీ లాగిన్ అమరికల ఫైలులో మూతకు సంబంధించిన చర్యను ఇగ్నోర్ అని మార్చాలి.

ఇవన్నీ అయిన తరువాత తెర, కీబోర్డు తీసివేసి, డెస్క్‌టాప్ అయితే గోడ స్విచ్చి వద్ద కరెంటు ఆపి తిరిగి ఇవ్వాలి. ఎవరూ ముట్టుకోకుండా యంత్రం లేచి, అదే చిరునామా వద్ద ఎస్‌ఎస్‌హెచ్‌కు జవాబిస్తే స్థాపన పూర్తయినట్లు. ఈ పరీక్షను ఇంట్లో డేటా ఏదీ ఎక్కించక ముందే చెయ్యాలి.

కరెంటు కోతలు, ఎండ, పిడుగులు

కోస్తా ఆంధ్రలో ఏప్రిల్ నుండి జూన్ వరకు పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. రేకుల గదిలోను, అటక మీద, మూసిన బీరువాలోను సర్వరు ఉంచకూడదు. గాలి ఆడే గదిలో, నేలకు కొంత ఎత్తున, గోడకు జానెడు దూరంలో ఉంచాలి. లోపల పేరుకొన్న దుమ్మును వేసవికి ముందు ఒకసారి శుభ్రం చేసి, ప్రాసెసరు మీది ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చాలి. చీమలు, బల్లులు చేరకుండా క్యాబినెట్ వెనుక ఖాళీలను సన్నని జాలీతో మూయవచ్చు.

చాలా ఇళ్ళలో ఫ్యాన్లకు, దీపాలకు ఇన్వర్టరు ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో ఇన్వర్టరు అందుకునే లోపు కొద్ది వ్యవధి పడుతుంది. ఫ్యానుకు అది తెలియదు గాని కంప్యూటరు ఆగిపోవచ్చు. అనేక ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్ అనే స్విచ్చి ఉంటుంది. దానిని ఎంచుకుంటే ఈ వ్యవధి తగ్గుతుంది. లేనిచో డెస్క్‌టాప్‌కు విడిగా చిన్న యూపీఎస్ కావాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ చిన్న కోతలకు యూపీఎస్ వలె పనిచేస్తుంది. అయితే నెలల తరబడి చార్జింగులోనే ఉన్న పాత బ్యాటరీ ఉబ్బవచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం సమంగా కూర్చోకపోయినా ఆ బ్యాటరీని వెంటనే తీసివేయాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీ వలన అగ్నిప్రమాదం సంభవించవచ్చు.

మామిడి కోతల కాలంలో వచ్చే ఈదురు గాలులతో పాటు పిడుగులు కూడా పడతాయి. సర్వరును, రౌటరును ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టుకే కలపాలి. ఎర్త్ లేని పాత ఇళ్ళలో క్యాబినెట్‌ను తాకినప్పుడు జిల్లుమనడం ప్రమాద సూచన. ఎర్త్ లేని చోట సర్జ్ ప్రొటెక్టరు కూడా పూర్తిగా పనిచెయ్యదు. ఉరుములు మొదలైనప్పుడు సర్వరును సక్రమంగా ఆపి, ప్లగ్గు ఊడదీయడమే నమ్మకమైన రక్షణ.

భద్రత

ఎస్‌ఎస్‌హెచ్‌లో సంకేతపదం స్థానంలో తాళంచెవుల జంటను వాడడం సురక్షితం. ఒక చెవి సర్వరులోను, దాని రహస్య జోడు వాడుకరి కంప్యూటరులోను ఉంటాయి. తాళంచెవితో లాగిన్ కుదిరిందని రూఢి చేసుకున్న తరువాతనే సంకేతపదంతో లాగిన్‌ను నిలిపివేయాలి. ఈ వరుస తప్పితే మళ్ళీ తెర, కీబోర్డు తగిలించక తప్పదు. భద్రతా నవీకరణలు వాటంతట అవే జరిగేటట్లు అమర్చాలి.

డిస్కును పూర్తిగా గుప్తీకరించడంలో ఒక చిక్కు ఉంది. అటువంటి యంత్రం మొదలైనప్పుడల్లా సంకేతపదం అడుగుతుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత దానిని కొట్టడానికి కీబోర్డు ఉండదు. దీనికి తేలిక మార్గం సిస్టమ్ ఉన్న భాగాన్ని మామూలుగా ఉంచి, డేటా ఉన్న భాగాన్ని మాత్రమే గుప్తీకరించడం. సర్వరు తనంతట లేస్తుంది. ఇంటివారు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్ళి డేటా భాగాన్ని తెరుస్తారు. యంత్రాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా అందులోని ఆధార్ నకళ్ళు, పట్టాదారు పాసుపుస్తకాలు వారికి చదవడానికి దొరకవు.

తెలుగు వినియోగం

లినక్సు యొక్క అక్షర తెర తెలుగు లిపిని సరిగా చూపలేదు. తెరలేని సర్వరులో ఈ ఇబ్బంది ఉండదు. అక్షరాలను చూపే పని అవతలి కంప్యూటరుది గాని, ఫోనుది గాని. ఫైళ్ళకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. అయితే లినక్సులో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా లెక్కలోకి వస్తాయి. అందువలన పేరు 85 గుర్తులలోపు ఉండాలి. జిల్లా పేరు, సర్వే నంబరు మారే అవకాశం ఉన్నందున ఫోల్డర్లను సంవత్సరం, తోట లేక చేను వాడుక పేరు ప్రకారం అమర్చుకోవడం మేలు.

2007లో మొదలైన కివిక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియా ప్రతిని సర్వరులో ఉంచి, అంతర్జాలం లేని సమయంలో కూడా ఇంటిలోని ఫోన్లలో చదువుకోవచ్చు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా మొత్తం పాత డిస్కులో సులభంగా పడుతుంది.

బయటి నుండి అందుకోవడం

విజయవాడ, హైదరాబాదు లేక విదేశాలలో ఉన్న పిల్లలు ఇంటి సర్వరును అందుకోవాలంటే ఇంటి వరకు అంతర్జాలం ఉండాలి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా తీగలు లాగి, ప్రారంభంలో నెలకు 149 రూపాయలకు అంతర్జాలం, టీవీ, ఫోను సేవలను ప్రకటించింది. తరువాతి సంవత్సరాలలో ప్రైవేటు సంస్థల ఫైబర్ సేవలు కూడా చిన్న పట్టణాలకు విస్తరించాయి.

చాలా సంస్థలు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బహిరంగ ఐపీవీ4 చిరునామా వాడతాయి. అందువలన బయటి నుండి నేరుగా ఇంటి సర్వరుకు దారి ఉండదు. ఐపీవీ6 చిరునామా గాని, వైర్‌గార్డ్ వంటి గుప్త సొరంగ మార్గం గాని దీనికి పరిష్కారం. వైర్‌గార్డ్ 2020లో లినక్సు 5.6 కెర్నెల్‌లో భాగమైంది. సాంబా ఫోల్డర్లను ఎట్టి పరిస్థితిలోను అంతర్జాలానికి నేరుగా తెరవకూడదు.

ప్రతులు

గృహ సర్వరు గురించి సర్వసాధారణమైన అపోహ, సర్వరులో ఉన్నది భద్రంగా ఉన్నట్లే అనుకోవడం. ఫోనులోని ఫోటోలను సర్వరుకు ఎక్కించి ఫోనులో చెరిపివేస్తే, రెండు చోట్ల ఉండవలసినది పాత డిస్కు ఒక్కదానిలోనే మిగులుతుంది. అది సర్వరు లేనప్పటి కంటె ప్రమాదకరమైన స్థితి. రెండు డిస్కులను జంటగా నడిపే రెయిడ్ పద్ధతి కూడా బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోను అదే క్షణంలో చెరిగిపోతుంది. పిడుగు రెండింటినీ ఒకేసారి కాలుస్తుంది.

ముఖ్యమైన ప్రతి ఫైలుకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి వేరొక ఊరిలో ఉండాలనేది సాధారణ నియమం. సర్వరులో ఒకటి, వారానికొకసారి కలిపి ఊడదీసే యూఎస్‌బీ డిస్కులో ఒకటి, బంధువుల ఇంట గుప్తీకరించిన డిస్కులో ఒకటి ఉంచితే ఈ నియమం నెరవేరుతుంది. మారిన ఫైళ్ళను మాత్రమే నకలు చేసే ఆర్‌సింక్ వంటి ఉపకరణం ఈ పనికి అనువైనది. ఏడాదికొకసారి, ఉదాహరణకు కోతలు ముగిసిన తరువాత, బ్యాకప్ నుండి కొన్ని ఫైళ్ళు తిరిగి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

పరిమితులు

గృహ సర్వరు నడపడం ఒకరోజు పని కాదు. నవీకరణలు, డిస్కు నివేదికలు, బ్యాకప్‌లు ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. అమర్చిన వ్యక్తి చదువుకో, ఉద్యోగానికో ఊరు విడిచి వెళ్ళినప్పుడు తెరలేని సర్వర్లు ఎక్కువగా మరుగున పడతాయి. చూడడానికి అవి ఖాళీ పెట్టెల వలె ఉన్నందున ఇంటివారు ప్లగ్గు తీసివేయడం, పాత సామానుకు వేసివేయడం జరుగుతుంది. అందువలన యంత్రం మీద, స్విచ్చి పక్కన తెలుగులో చీటీ అంటించాలి. సర్వరు చిరునామా, సంకేతపదాలు, డిస్కు తెరిచే విధానం, బ్యాకప్ ఉన్న చోటు ఒక నోటు పుస్తకంలో రాసి, భూమి పత్రాలు దాచే చోటనే ఉంచాలి. కనీసం మరొకరికి సర్వరును సక్రమంగా ఆపడం, తిరిగి మొదలుపెట్టడం నేర్పాలి.

పాత యంత్రం ఏనాటికైనా ఆగిపోతుంది. ప్రతులు సరిగా ఉన్న ఇంట అప్పుడు మరొక పాత కంప్యూటరును తెచ్చి, అదే పద్ధతిలో అమర్చి, డిస్కు నుండి ఫైళ్ళను ఎక్కిస్తే సరిపోతుంది.